బువొనర్రోతి గృహము: మైకెలాంజెలో జీవితము, కవిత్వము

ఇటలీ దేశమున ఫ్లారెన్సు నగరమందు శాంతా క్రోచె దేవాలయమునకు ఉత్తరముగా గిబెల్లీనా అను వీధి కలదు. ఆ వీధిలో 70వ సంఖ్యగల గృహమునకు పోవువారు సాధారణముగా రెండు చలువరాతి ఫలకములను చూచుటకై పోవుదురు. అవి మైకెలాంజెలో బువొనర్రోతి కౌమారదశలో చెక్కినవి. భాషాసాహిత్యముల నభ్యసించువారికి ఆ యింట వేరొక ఆకర్షణము కలదు. ఆ శిల్పి స్వహస్తముతో వ్రాసికొన్న పద్యముల చిత్తుప్రతులు పెక్కులును, కుటుంబపు ఉత్తరములును అచ్చట భద్రపరుపబడియున్నవి. ఆ పద్యములను గ్రంథరూపమున లోకమునకు మొదట అందించినది ఈ కుటుంబమే. అందించుచు వానిని వికృతము చేసినదియు ఈ కుటుంబమే. రెండువందల నలువది సంవత్సరముల తరువాత వాని నిజరూపము వెల్లడియగుటకు ఆధారమైనవి ఈ యింటి కాగితములే. శిల్పిగను చిత్రకారుడుగను మైకెలాంజెలోను గూర్చి వెలువడిన గ్రంథములకు లెక్క లేదు. ఈ వ్యాసమున ఆతని జీవితమును ఆ యింటి వాకిటినుండి పరిశీలింతము.

మైకెలాంజెలో 1475 మార్చి 6వ తేదీన అరెట్జో ప్రాంతమునందలి కప్రేజె అను చిన్న కొండయూర జన్మించెను. తండ్రి లొదొవీకొ అప్పుడచ్చట స్వల్పకాలపు స్థానికాధికారిగా నుండెను. ఉద్యోగపు గడువు తీరగానే కుటుంబము ఫ్లారెన్సునకు మరలివచ్చినది. శిశువును సెత్తిన్యానొ గ్రామమున ఒక రాతిపనివాని భార్య పాలిచ్చి పెంచెను. తనకు ఉలియు సుత్తియు ఆ దాదిపాలతోనే అబ్బినవని మైకెలాంజెలో పెద్దవాడైన తరువాత పరిహాసముగా చెప్పుచుండెడివాడట. తల్లి 1481లో మరణించినది. ఐదుగురు అన్నదమ్ములలో ఈతడు రెండవవాడు. జ్యేష్ఠుడు సన్న్యాసియయ్యెను. కావున ఇంటిబరువు సహజముగ రెండవవాని మీద పడినది.

ఆ యింట ధనము లేదు గాని అభిమానము దండిగ నుండెను. పూర్వులు నాణెముల మార్పిడి వ్యాపారము చేసినవారు, నగరపాలనమున చిన్న పెద్ద పదవులు వహించినవారు. లొదొవీకొ నాటికి సెత్తిన్యానొలో కొంచెము భూమి మాత్రము మిగిలియుండెను. చేతిపని చేసి బ్రతుకుట తమ వంశమునకు తగదని ఆతని నమ్మకము. అంతేకాదు, తాము కనోస్సా ప్రభువుల సంతతివారమని కుటుంబమున ఒక ఐతిహ్యము ప్రచారములో నుండెను. మైకెలాంజెలో దీనిని మనసార విశ్వసించెను. 1520లో ఆ వంశపు ప్రభువొకడు ఈతనిని తన బంధువుగా అంగీకరించుచు ఉత్తరము వ్రాసెను. శిష్యుడైన కొందీవి 1553లో ప్రకటించిన జీవితచరిత్ర సయితము ఈ వంశకథతోనే ఆరంభమగును. ఇది నిరాధారమని చరిత్రకారులు తేల్చియున్నారు. వంశావళులు సత్యమైనవే కానక్కరలేదు. నమ్మినవాని నడవడిని అవి ఎట్లు నిర్ణయించినవో చూచిన చాలును. మైకెలాంజెలో విషయమున ఈ కల్పితవంశము డెబ్బదియేండ్లపాటు ఆతనిచేత పని చేయించినది.

కుమారుడు బొమ్మలు గీయుట తండ్రికిని పినతండ్రులకును అవమానకరముగ తోచెను. ఆ పట్టుదలకై బాలుడు దెబ్బలు తినవలసివచ్చెను. అయినను 1488లో ఆతడు ఘిర్లాందాయొ అను చిత్రకారుని వద్ద చేర్పబడెను. సాధారణముగ శిష్యుడే గురువునకు రుసుము చెల్లించు ఆ దినములలో ఈ బాలునకు గురువే జీతమిచ్చుటకు అంగీకరించెను. కొలదికాలములోనే ఆతడు లొరెంజొ దె మేదిచి దృష్టిలో పడి, ఆ ప్రభువు భవనముననే నివసించుచు, ఆయన ఉద్యానమునందలి ప్రాచీన శిల్పముల నడుమ పని నేర్చెను. గిబెల్లీనా వీధి యింట నున్న రెండు ఫలకములు ఆ కాలమునాటివి. ఒకటి మెట్లచెంత కూర్చున్న మేరీమాత. దాని యెత్తు సుమారు 57 సెంటీమీటర్లు మాత్రమే. లోతు చాల తక్కువ, రేఖ పలుచన. రెండవది మనుష్యులకును సెంటార్ల కును జరిగిన యుద్ధము. సెంటార్లనగా నరుని మేనును అశ్వపు దేహమును గల పౌరాణిక జాతి. ఈ యితివృత్తమును బాలునకు సూచించినవాడు పండితకవి పొలిజియానొ. మొదటి ఫలకమున శిష్యుడు కనబడును. రెండవదానిలో ఒండొంటితో పెనవేసికొన్న నగ్నదేహముల ముద్దనుండి మైకెలాంజెలో బయటపడును. ఈ రెండింటికి నడుమ రెండేండ్లకు మించి కాలము గడచియుండదు.

తరువాతి కథ సుప్రసిద్ధము. రోమునందు 'పియెతా' శిల్పము 1499 నాటికి పూర్తియైనది. ఫ్లారెన్సునందు 'దావీదు' విగ్రహము 1501లో ఆరంభమై 1504లో నిలుపబడినది. 1505లో రెండవ జూలియస్ పోపు తన సమాధి నిర్మాణము నప్పగించెను. ఆ పని నలువదియేండ్లు సాగి ఆతనిని వేధించినది. సిస్టైన్ ప్రార్థనామందిరపు పైకప్పు 1508లో మొదలిడి 1512లో ముగించెను.

ఆ 1508వ సంవత్సరముననే, ఆ పైకప్పు పని చేపట్టుటకు ముందు, మార్చి నెలలో మైకెలాంజెలో గిబెల్లీనా వీధి మూలమీద మూడిండ్లను, వాని ననుసరించియున్న ఒక చిన్న యింటిని 1,050 ఫ్లోరినులకు కొనెను. వయస్సు ముప్పదిమూడు. భార్య లేదు, పిల్లలు లేరు. ఉండుటకు తీరికయు లేదు. 1514లో పక్కనున్న మరియొక చిన్న యింటిని చేర్చెను. వానిలో కొన్నింటిని అద్దెకిచ్చి, మెరుగైన రెండింట 1516 నుండి 1525 వరకు తాను నివసించెను. ఆ మహాశిల్పి నివాసమని నేడు చెప్పుకొనుటకు ఆధారమైనది ఆ తొమ్మిదియేండ్ల కాలమే. ఆ కాలమందైనను ఆతడు చలువరాతి గనులలో గడపిన నెలలు తక్కువవి కావు. మేదిచి వంశీయుల సమాధిమందిరపు పని, 1529లో నగరము ముట్టడికి గురియగు వేళ కోటగోడల పని, తరువాత పాలకుల మార్పు, వీనియన్నిటి తరువాత 1534లో ఆతడు రోమునకు పోయెను. మరల ఫ్లారెన్సును ప్రాణములతో చూడలేదు.

ఇంత సంపాదించినవాడు ఎట్లు జీవించెను? రోమునందలి ఆతని యిల్లు సామాన్యమైనది. తిండి స్వల్పము, బట్టలు మోటు. పని తొందరలో బూట్లతోనే నిద్రించెడివాడని కొందీవి చెప్పుచున్నాడు. తండ్రికి ధనము పంపుచుండెను. తమ్ములకు ఉన్నిబట్టల వర్తకము పెట్టించెను. ఫ్లారెన్సు పరిసరములందు భూములు కొనెను. తమ్ముడు జొవాన్ సిమోనె తండ్రిపట్ల దురుసుగ ప్రవర్తించెనని విని, సిస్టైన్ పైకప్పు పరంజాల మీదనుండి దిగి తీరిక చేసికొని, ఆతనికొక నిప్పులు చెరగు ఉత్తరము వ్రాసెను. ఇటలీ అంతటను తిరిగి పండ్రెండేండ్లుగ తాను పడినపాట్లు ఎవరికొరకో ఆ ఉత్తరమున స్పష్టముగ నున్నది. పిసినిగొట్టు అని లోకము పలికినది. తమ కుటుంబమును మరల నిలబెట్టవలెనను ఒక్క సంకల్పముతో చూచినచో ఆ పిసినితనమునకు అర్థము మారును.

1528లో మశూచి వంటి మహమ్మారియైన ప్లేగున తమ్ముడు బువొనర్రోతొ మరణించెను. ఆతని కుమారుడు లియొనార్దొయే వంశమునకు దిక్కయ్యెను. ఈ అన్నకుమారుని వరుసవానికి, అనగా తమ్ముని కొడుకునకు, పెదతండ్రి వ్రాసిన ఉత్తరములు చదువదగినవి. నగరమున గౌరవప్రదమైన యిల్లొకటి కొనుమని, పొలములు ఎవరి కంటికిని కనబడవు గాని ఇల్లు కుటుంబమర్యాదను చాటునని ఆతడు పలుమారు ప్రోత్సహించెను. పెండ్లి విషయమున సలహాలు ఏండ్లతరబడి సాగినవి. కట్నము చూడవలదు, ఆరోగ్యము, మంచి గుణము, మంచి వంశము చూడుము, అవసరమైనచో గిన్నెలు కడుగుటకు సిగ్గుపడని పిల్లను చూడుము అని ఆ సలహాల సారము. తుదకు 1553లో కస్సాంద్రా రిదొల్ఫితో వివాహము జరిగినది. మరుసటియేడు పుత్రుడు కలుగగా నామకరణమునకు వేడుకలు చేసిరని విని వృద్ధుడు సంతసింపక చిరాకుపడెను. 1548 నాటి ఉత్తరమొకటి మిక్కిలి ఆసక్తికరము. తనకు వచ్చు ఉత్తరములపై శిల్పి మైకెలాంజెలో అని వ్రాయవలదని, రోమునందు తాను బువొనర్రోతి వంశనామముతోనే తెలిసినవాడనని, అంగడి పెట్టుకొని కూర్చుండు శిల్పిగనో చిత్రకారుడుగనో తానెన్నడును లేనని అందు చెప్పెను. 'పియెతా'ను చెక్కిన చేతితో ఇట్లు వ్రాసెననుట విడ్డూరముగ తోచును. కాని బాల్యమున తండ్రి కొట్టిన దెబ్బలు ఎంతలోతున దిగినవో ఇట తెలియును.

ఇక కవిత్వము. మైకెలాంజెలో యౌవనమునుండియు పద్యములు వ్రాయుచుండెను. లెక్కల కాగితములమీద, ఉత్తరముల వెనుక, బొమ్మల చిత్తుల పక్కన వ్రాసెను. సానెట్లు, మాద్రిగలులు, చతుష్పదులు అన్నియు కలిపి మూడువందలకు పైగా మిగిలినవి. పెక్కు అసంపూర్ణములు. ఆతని వాక్యము నునుపైనది కాదు. పదము పదమును నెట్టుచుండును. రాతిలో దాగిన రూపము, ఉలి, మంచు, అగ్ని, ముదిమి, పాపభీతి అందు మరలమరల వచ్చును. 1532లో రోమునందు తొమ్మాజొ కవలియేరి అను యువకునితో పరిచయమయ్యెను. ఆ యువకుని నుద్దేశించిన సానెట్లు ఆతని కవిత్వమున ఉత్తమభాగమని పలువురి అభిప్రాయము. నా యభిప్రాయమును అదియే. తరువాత విత్తోరియా కొలొన్నా అను విదుషీమణితో స్నేహమేర్పడి, 1547లో ఆమె మరణించువరకు సాగినది. ఆమెకై వ్రాసిన పద్యములలో భక్తియు వేదాంతమును ప్రధానము. లుయీజి దెల్ రిచ్చొ అను మిత్రుడు తన బంధువైన బాలుడొకడు 1544లో చనిపోగా చరమపద్యములు కోరెను. మైకెలాంజెలో నలువదియెనిమిది చతుష్పదులు వ్రాసి పంపెను. ఆ మిత్రుడే ఆతని పద్యములనుండి ఒక సంకలనము సిద్ధపరుచుచుండగా 1546లో మరణించెను. అంతటితో ఆ ప్రయత్నము ఆగినది. 1547లో బెనెదెత్తొ వార్కి ఫ్లారెన్సు పరిషత్తునందు ఈతని సానెట్టొకదానిపై ఉపన్యసించి దానిని ప్రకటించెను. ఇంతకు మించి కవిగ మైకెలాంజెలో జీవితకాలమున అచ్చులో కనబడుట అరుదు.

1564 ఫిబ్రవరి 18వ తేదీన, ఎనుబదితొమ్మిదవయేట, రోమునందలి తన యింట ఆతడు కన్నుమూసెను. కవలియేరి మంచముచెంతనే యుండెను. అంతకు పూర్వము చాల చిత్తుబొమ్మలను ఆతడే కాల్చివేసెను. ఇంటిలోని వస్తువుల పట్టిక వ్రాయగా ఒక పెట్టెలో ఎనిమిదివేలకు పైగా బంగారునాణెములు దొరికినవి. లియొనార్దొ మృతదేహమును వర్తకపుమూటవలె కట్టించి రహస్యముగ ఫ్లారెన్సునకు తరలించెను. శాంతా క్రోచె దేవాలయమున, అనగా గిబెల్లీనా వీధికి కూతవేటు దూరమున, ఆ శిల్పి సమాధిచేయబడెను. రోమునందలి ఆ యిల్లు కాలక్రమమున పడగొట్టబడినది. ఆతడు నివసించిన యిల్లు పోయినది, కొన్న యిల్లు మిగిలినది.

గిబెల్లీనా వీధి యిండ్లకు నేటి రూపమును కలిగించినవాడు లియొనార్దొ కుమారుడు. 1568లో, పెదతాత మరణించిన నాలుగేండ్లకు, పుట్టినవాడు. ఆతని పేరును మైకెలాంజెలోయే. కావున చరిత్రలో చిన్న మైకెలాంజెలో అని ప్రసిద్ధుడు. ఈతడు సామాన్యుడు కాడు. నాటకకర్త, క్రుస్కా పరిషత్తు సభ్యుడై 1612లో వెలువడిన ఇటాలియను మహానిఘంటువు నిర్మాణమున పాల్గొన్నవాడు, 1611లో ప్రదర్శింపబడిన 'లా తాన్చా' అను నాటకమున తోస్కానా రైతుల పలుకుబడిని నిక్షేపించినవాడు. భాషాశాస్త్రపు కన్నుగలవాడు. ఆ యింట పై అంతస్తున వరుసగ నాలుగు గదులను చిత్రములతో అలంకరింపజేసెను. మొదటి గదిలో పెదతాత జీవితఘట్టములు: పోపులయెదుట, రాజులయెదుట సన్మానింపబడుచున్న మైకెలాంజెలో. ఒక పటమున ఆతడు ఏకాంతమున కవిత్వము వ్రాయుచుండును. మరియొక గదిలో వంశకీర్తి. మేరీమాత ఫలకమును లియొనార్దొ పూర్వమే ప్రభువైన కొసీమొకు కానుకగ నిచ్చియుండెను. రెండవ కొసీమొ కాలమున అది మరల ఇల్లు చేరినది. తండ్రిచేత దెబ్బలు తిన్న బాలుడు ఇట్లు కులదైవమయ్యెను.

కులదైవమునకు తగిన గ్రంథము కావలెను గదా! 1623లో చిన్న మైకెలాంజెలో పెదతాత పద్యములను 137 ఏర్చి ఫ్లారెన్సున ప్రకటించెను. పరిష్కర్తగ ఆతడు పడిన శ్రమ చిన్నది కాదు. ఇంటనున్న స్వహస్తప్రతులను పోల్చిచూచెను. వాటికన్ గ్రంథాలయమునందలి వ్రాతప్రతిని సయితము పరిశీలించి పాఠములు ఎత్తి వ్రాసికొనెను. ఇన్ని ప్రతులు చూచిన పిమ్మట అచ్చువేయునపుడు వానిని ప్రక్కనబెట్టెను. అసంపూర్ణ పద్యములను తానే పూరించెను. కరకు వాక్యములను నునుపు చేసెను. మతవిషయమున శంకకు తావిచ్చు భావములను దిద్దెను. అన్నింటికంటె ముఖ్యముగ, పురుషుని సంబోధించిన ప్రేమపద్యములలో పుంలింగమును స్త్రీలింగముగ మార్చెను. ఇటాలియను భాషలో విశేషణములును భూతకాలిక కృదంతములును లింగమును తెలుపును. కావున ఈ మార్పు ఒక్క సర్వనామముతో తీరునది కాదు, పద్యమంతటను పాకును, ఛందస్సును కదల్చును. ఒక సానెట్టు తుదిపాదమున కవి తాను సాయుధుడైన ఒక అశ్వికునకు బందీనని శ్లేషించెను. ఇటాలియనున అశ్వికుడను మాట కవలియేరి ఇంటిపేరే. పరిష్కర్త ఆ మాటను తీసి, సద్గుణము సాయుధముగ గల ఒక హృదయమునకు బందీనని దిద్దెను. శ్లేష పోయినది, వ్యక్తి పోయెను, పద్యమున కేంద్రము పోయినది. మిగిలినది నీతి.

ఇది అజ్ఞానమువలన కలిగిన దోషము కాదు. లేఖకుడు నిదురమత్తున ఒక అక్షరము జారవిడుచుట వేరు, నిఘంటుకారుడు తెలిసి ఒక మాటను మార్చుట వేరు. ప్రాచీనగ్రంథములను పరిష్కరించువారికి మొదటిదానికంటె రెండవది కష్టమైనదని తెలియును. ఏలయన తెలివిగలవాని దిద్దుబాటు చదువుటకు సహజముగ నుండును, అనుమానము కలుగనీయదు. చిన్న మైకెలాంజెలోను నిందించుట సులభము. ప్రతిసంస్కరణోద్యమపు దినములవి, 'అంత్యతీర్పు' చిత్రమునందలి నగ్నదేహములకు పోపుల ఆజ్ఞవలన 1565 ప్రాంతమున వస్త్రములు పూయబడినవి. పెదతాత పేరునకు అపవాదు రాకుండ కాపాడుట ఆతనికి ధర్మమని తోచియుండును. వంశగౌరవమునకై జీవితమంతయు ధారపోసిన శిల్పి మాటను, ఆ గౌరవముకొరకే మార్చవలసివచ్చెను. అయితే ఆతడు చేయని పని యొకటి కలదు. స్వహస్తప్రతులను కాల్చలేదు. తన దిద్దుబాటులను పట్టియిచ్చు సాక్ష్యమును తన యింటనే, తాను చేసికొన్న నకళ్లతోసహ, భద్రముగ నుంచెను.

రెండు శతాబ్దులపాటు ఐరోపా చదివినది ఆ 1623 నాటి పాఠమునే. కుటుంబమున తరువాత ఫిలిప్పొ బువొనర్రోతి వంటి పురాతత్త్వపండితుడు పుట్టెను. అదే పేరుగల విప్లవవాది మరియొకడు పుట్టెను. కొన్ని చిత్తుబొమ్మలు అమ్ముడుపోయినవి. 1858లో కొసీమొ బువొనర్రోతి సంతానము లేక మరణించుచు గృహమును, అందలి సామగ్రిని ప్రజలకు చెందునట్లు వ్రాసెను. 1859లో అది ప్రదర్శనశాలయైనది. అదే సంవత్సరమున కుటుంబములోని వేరొకనివద్దనున్న బొమ్మలును ఉత్తరములును లండనునందలి బ్రిటిషు మ్యూజియమునకు చేరినవి. మైకెలాంజెలో డెబ్బదియేండ్లు కాపాడజూచిన వంశము ఆ విధముగ ముగిసినది.

వంశము ముగిసిన ఐదేండ్లకు, 1863లో, చేజరె గ్వాస్తి స్వహస్తప్రతుల ననుసరించి పద్యములను ప్రకటించెను. అశ్వికుడు మరల తన స్థానమున నిలిచెను. ఆంగ్లకవి జాన్ ఆడింగ్టన్ సిమండ్సు ఆ పాఠమునుండి సానెట్లను అనువదించి 1878లో ప్రకటించెను. 1623 నాటి ముద్రణలోని మార్పులను ఆంగ్లపాఠకులకు నిర్మొగమాటముగ చెప్పెను. 1875లో మిలనేజి ఉత్తరములను సంపుటీకరించెను. కార్ల్ ఫ్రై 1897లో బెర్లినునుండి పాఠభేదములతో కూడిన ప్రతిని, ఎన్సొ జిరార్ది 1960లో బారి నగరమునుండి 302 పద్యముల సంశోధితప్రతిని వెలువరించిరి. నేటి పండితులు జిరార్ది సంఖ్యలతోనే పద్యములను పేర్కొందురు. ఇందరి కృషికిని ముఖ్యాధారము గిబెల్లీనా వీధి యింటి కాగితములే.

ఆ యింటి మొదటి గది పైకప్పున ఆర్తెమీజియా జెంతిలెస్కి 1615, 1616 సంవత్సరములలో చిత్రించిన స్త్రీమూర్తి యొకటి కలదు. సహజాభిరుచికి రూపకల్పన మది. చిన్న మైకెలాంజెలో ఆమెచేత దానిని నగ్నముగనే వ్రాయించెను. సుమారు 1684లో ఆతని వారసుడైన లియొనార్దొ, వొల్తెర్రానొ అను చిత్రకారుని పిలిపించి ఆ మూర్తికి వస్త్రము పూయించెను. పెదతాత పద్యములకు ముసుగు వేసినవాడు వ్రాయించిన బొమ్మకు ఆతని వారసులు ముసుగు వేసిరి. 2023లో ఆ చిత్రమును శాస్త్రీయముగ పరీక్షించి, పైపూతకు అడుగున ఆర్తెమీజియా వ్రాసిన రూపమును యంత్రసహాయమున పునర్నిర్మించి ప్రదర్శించిరి. పైపూతను తొలగించినచో అడుగు చిత్రము చెడునను భయముచే అసలు చిత్రమును మాత్రము తాకలేదు. కాగితముమీది దిద్దుబాటు వలె అది ఊడివచ్చునది కాదు. వస్త్రము పైకప్పున నట్లే యున్నది.